కొరివికారానికి తడి లెక్క: కోనసీమ పండుమిరపపై ఒక అభిప్రాయం

మిరప సాగుపై మనం రాసుకున్న కరదీపికలలో దిగుబడి అన్న మాటకు సాధారణంగా ఒకే అర్థం ఉంటుంది: ఎకరాకు ఇన్ని క్వింటాళ్ళ ఎండుమిరప. పచ్చిమిరపకు కూరగాయల విభాగంలో ఒకటి రెండు పేరాలు దక్కుతాయి. పూర్తిగా ఎర్రబడి, ఇంకా నీరు ఇంకని పండుమిరప మాత్రం పంటగా లెక్కకు రాదు. చెట్టు నుండి కళ్ళానికి పోయే దారిలో అది ఒక మజిలీ, అంతే. అటువంటి కరదీపికలలో కొన్నింటికి నేనూ చేయి వేసినవాడనే కనుక ఈ విమర్శలో నా వాటా నాకు ఉన్నది.

గౌతమి, వసిష్ఠ పాయల మధ్యనున్న కోనసీమలో లెక్క వేరు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల సంతలలో సంక్రాంతి దాటిన తరువాత పండుమిరప రాశులు కనిపిస్తాయి. వాటిని కొనేవారు ఎండబెట్టడానికి కొనరు. ఉప్పు, చింతపండు చేర్చి రోట్లో తొక్కి జాడీకి ఎత్తడానికి కొంటారు. దానినే అక్కడ కొరివికారం అంటారు. ఈ నేలకు, ఈ గాలికి పండుమిరప చేరవలసిన సరైన గమ్యం జాడీయే గాని కళ్ళం కాదని నా అభిప్రాయం. జాడీ కోసం పండించే మిరపకు ప్రత్యేక యాజమాన్య పద్ధతులు అవసరమని, అవి మన వద్ద లేవని, ఆ లోటుకు మూల్యం పచ్చడి పెట్టుకొని బతికే స్త్రీలు చెల్లిస్తున్నారని ఈ వ్యాసంలో చెప్పదలచాను.

ముందుగా కళ్ళం సంగతి. కోత నాటి పండుకాయలో దాదాపు నాలుగింట మూడు వంతులు నీరే. నిల్వకు తేమ 10–11 శాతానికి దిగాలి. అందువల్ల సుమారు నాలుగు కిలోల పండుకాయకు ఒక కిలో ఎండుకాయ దక్కుతుంది. గుంటూరు, పల్నాడు నల్లరేగళ్ళలో మాఘ ఫాల్గుణాల పొడి ఎండ ఈ పనిని చక్కగా చేసిపెడుతుంది. కోనసీమలో ఒక పక్క సముద్రం, మూడు పక్కల గోదావరి, మధ్య కాలువలు, పైన కొబ్బరి నీడ. పగలు ఆరిన కాయ రాత్రి మంచుకు మళ్ళీ మెత్తబడుతుంది. చేలోనే కొల్లెటోట్రైకం కాయకుళ్ళు సోకిన కాయ కళ్ళంలో తెల్లబారి తాలుకాయగా మిగులుతుంది. ఆరీ ఆరని స్థితిలో ఎక్కువ రోజులున్న కాయపై ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ బూజు చేరితే ఆఫ్లటాక్సిన్ భయం కూడా తోడవుతుంది. సుగంధ ద్రవ్యాలలో మొత్తం ఆఫ్లటాక్సిన్ కిలోకు 30 మైక్రోగ్రాములు మించరాదని మన దేశంలో నియమం ఉండగా, ఐరోపా సమాఖ్య ఎండుమిరపకు పెట్టిన పరిమితి 10 మాత్రమే. టార్పాలిన్లు ఇచ్చి, సోలార్ డ్రయ్యర్లు చూపించి ఈ గాలితో పోరాడమని మనం రైతుకు చెబుతూ వచ్చాము. ఆ సలహా తప్పు కాదు. కాని ఇక్కడి గృహిణులు ఆ పోరాటం మానుకొని, కాయలోని నీటిని కాయలోనే ఉంచి దానిని ఉప్పునీరుగా మార్చే మార్గాన్ని ఎప్పుడో ఎంచుకున్నారు.

కోనసీమను మరో గుంటూరు చేయాలన్న వాదన నాది కాదని ఇక్కడే చెప్పాలి. లంక భూములలో మిరప చిన్న కమతాల పంట. వరద తీసిన తరువాత ఒండ్రు మేటపై నాటుతారు. 2022 జూలై వంటి వరద వస్తే ఆ సంవత్సరం నారుమళ్ళ తేదీలన్నీ తారుమారవుతాయి. అర ఎకరం, ఎకరం పంటకు ఎండుమిరప యార్డు ధరను నమ్ముకోవడం కన్నా పక్క ఊరి పచ్చడి జాడీని నమ్ముకోవడం మేలు. 2025 ఫిబ్రవరిలో ఎండుమిరప ధర పడిపోయి కేంద్ర ప్రభుత్వం క్వింటాలుకు 11,781 రూపాయల జోక్య ధర ప్రకటించవలసి వచ్చిన సంగతి చదువరులకు గుర్తుండే ఉంటుంది.

కొరివికారం పెట్టే తీరు చూడటానికి సులువు. తొడిమతోనే కాయను కడుగుతారు. తొడిమ ముందే తీస్తే ఆ రంధ్రం గుండా నీరు లోపలికి పోతుంది. నీడన పొడిబట్టపై ఆరబోసి, ఒక్కొక్క కాయను తుడిచి, అప్పుడు తొడిమ తీస్తారు. ఉప్పు, పసుపు వేసి కచ్చాపచ్చాగా తొక్కి, మధ్యలో గింజ తీసిన చింతపండు పెట్టి జాడీలో అదుముతారు. మూడవ రోజుకు చింతపండు ఆ ఊటలోనే నాని మెత్తబడుతుంది. తిరగ రుబ్బి మళ్ళీ జాడీకి ఎత్తుతారు. ఇందులో ఒక్క చుక్క నీరు చేరదు. పోపు కూడా అప్పుడే పెట్టరు. కావలసినంత ఒక గిన్నెలోకి తీసుకొని, మెంతిపిండి కలిపి, ఆవాలు, ఇంగువ, వెల్లుల్లి పోపు ఏ వారానికి ఆ వారం పెట్టుకుంటారు. కొలత ఇంటింటికీ కొంత మారినా, కిలో కాయకు పావుకిలో ఉప్పు, పావుకిలో చింతపండు అన్నది తరచుగా వినవచ్చే లెక్క.

ఆ పావుకిలో ఉప్పును నేను ఒకప్పుడు అతిగా భావించాను. పన్నెండు పదమూడేళ్ళ క్రితం లంక ఊరిలో ఒక స్వయం సహాయక బృందానికి విలువ జోడింపుపై శిక్షణ ఇస్తూ, కిలోకు 150 గ్రాముల ఉప్పు చాలునని సలహా ఇచ్చాను. పట్టణంలో కొనేవారు ఉప్పు తక్కువ కోరుతున్నారని, చింతపండు పులుపు ఎలాగూ కాపాడుతుందని నా తర్కం. వారు నమ్మి నలభై కిలోల కాయ పెట్టారు. మూడు వారాలు తిరగకముందే జాడీల మూతల కింద తెల్లటి పొర కట్టింది. ముద్ద పొంగి బుడగలు వచ్చింది. అంతా కాలువ గట్టున పారబోశారు. కాయ ధర నేను ఇచ్చుకున్నాను గాని, ఆ ఏడు వారు తప్పిపోయిన ఆర్డర్లకు వెల కట్టేదెవరు? బృందంలోని పెద్దావిడ నన్ను ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. "మీరు ఉప్పు లెక్క చూశారండి, చేలో తడెప్పుడెట్టారో అడగలేదండి" అన్నారు.

ఆ మాటలోని శాస్త్రం ఇంటికి వచ్చి కాగితం పెట్టి లెక్క వేసుకుంటే గాని నాకు తెలియలేదు. ఉప్పును మనం మొత్తం బరువుతో పోల్చి శాతం కడతాము. సూక్ష్మజీవికి మొత్తం బరువుతో పని లేదు. అది ఉండేది నీటిలో కనుక దానికి తగిలేది ఆ నీటిలోని ఉప్పు. కాయలో నీరు 75 శాతం అనుకుంటే కిలోకు 750 గ్రాములు. చింతపండులోని తేమ మరొక 60 గ్రాములు వేసుకుంటే మొత్తం 810. అందులో 250 గ్రాముల ఉప్పు కరిగితే ఊటలో ఉప్పు 23.6 శాతం. సంతృప్త ఉప్పునీటి బలం 26 శాతానికి కొంచెం పైన. అంటే అవ్వల పావుకిలో లెక్క ఇంచుమించు సంతృప్త స్థితికి చేరువగా పోయి, కొంత రుచికి వదిలి ఆగింది. నేను చెప్పిన 150 గ్రాములకు ఊటలో ఉప్పు 15.6 శాతానికి దిగుతుంది. అది కూడా కాయలో నీరు 75 శాతమే అయితే. కోతకు రెండు రోజుల ముందు తడి ఇచ్చిన చేలో కాయలో నీరు 82 శాతం ఉన్నదనుకోండి, ఊట 14.6 శాతానికి పలచబడుతుంది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఉదజని సూచికను 4.6 కన్న బాగా కిందికి తెచ్చి బొటులినం వంటి ప్రమాదకర బాక్టీరియాను అడ్డుకుంటుంది. ఆ మేరకు నా తర్కం నిలుస్తుంది. కాని ఆమ్లాన్ని తట్టుకొనే ఈస్టులు, బూజులు దానికి లొంగవు. వాటిని ఆపవలసినది ఉప్పు, గాలి తగలకుండా అదిమిన ముద్ద. ఆమ్లం పనిని, ఉప్పు పనిని ఒకటిగా భావించడం నా పొరపాటు.

పెద్దావిడ ఇంట తడి ఇచ్చిన వారం లోపు కోసిన కాయ పచ్చడికి వాడరు. వాన పడితే ఆ కోత అమ్మకానికి పోతుంది, జాడీకి పోదు. ఇది వంటింటి నియమంగా చెప్పుకుంటున్నా నిజానికి నీటి యాజమాన్యం. సేద్య శాస్త్రవేత్తగా నేను చెప్పవలసినది ఆమె చెప్పారు.

ఇక ఉప్పు ఎక్కువన్న ఆరోగ్య వాదం. దానిని తోసిపుచ్చలేము. పైన చెప్పిన కొలతలో కొరివికారం మొత్తం బరువులో ఉప్పు ఆరింట ఒక వంతు. చెంచాడు, అంటే 15 గ్రాముల ముద్దలో, 2.5 గ్రాముల ఉప్పు ఉంటుంది. రోజుకు 5 గ్రాములు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అన్నంలో చెంచాడు కలుపుకుంటే సగం కోటా అక్కడే చెల్లింది. కాని కోనసీమ వంటింటిలో కొరివికారం కంచం పక్కన వడ్డించుకునే ఊరగాయగా మాత్రమే లేదు. అది వంటలో పడే దినుసు. మన శిక్షణ కార్యక్రమాలు పట్టించుకోని విషయం ఇదే.

గుత్తివంకాయ వేగిన తరువాత దింపబోయే ముందు రెండు చెంచాల కొరివికారం వేసి మూత పెడతారు. విడిగా ఉప్పు గాని, కారం గాని, చింతపండు పులుసు గాని వేయరు. ఆ మూడూ ముద్దలోనే ఉన్నాయి. నలుగురు తినే కూరలో రెండు చెంచాలంటే మనిషికి 1.25 గ్రాముల ఉప్పు. దొండకాయ, కాకరకాయ వేపుళ్ళకు ఇదే పద్ధతి. పచ్చికొబ్బరి కోరులో చెంచాడు కొరివికారం వేసి రుబ్బితే పొయ్యి వెలిగించకుండానే పచ్చడి తయారు. ముక్కలుగా మిగిలిన కొబ్బరికి అంతకన్నా మంచి వినియోగం ఈ సీమలో నాకు కనిపించలేదు. కందిపప్పు ఉడికాక మెదిపి ఇది కలిపితే పుల్లటి పప్పు. అట్టుపై పూస్తే ఫలహారం. కారపు గుణమిచ్చే కాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. ఎరుపునిచ్చే కాప్సాంథిన్ కూడా అంతే. అందుకే కొబ్బరి, నెయ్యి, నువ్వులనూనె తగిలిన చోట కొరివికారం రంగు విచ్చుకుంటుంది, కారం నాలుకపై ఒకచోట గుచ్చుకోకుండా పరచుకుంటుంది. ముద్దపప్పు, నెయ్యి, కొరివికారం అన్న కలయికను కనిపెట్టినవారికి ఈ రసాయన శాస్త్రం తెలియనవసరం లేదు.

విద్యార్థులకు ఒక హెచ్చరిక. పండుమిరపలో విటమిన్ సి మెండు. హంగరీలోని సెగెడ్‌లో ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీ ఆ విటమిన్‌ను పెద్ద మొత్తంలో వేరుచేసింది అక్కడి మిరపకాయల నుండే. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అయితే తాజా కాయ విలువను పట్టుకొచ్చి పచ్చడి పోషక పట్టికలో రాయడం పద్ధతి కాదు. తొక్కినప్పుడు, నిల్వలో, వేడిలో అది తరుగుతూ పోతుంది. జాడీ తెరిచిన నాడు కొలిచి రాయండి.

ఎండబెట్టక తప్పని చోట కూడా ఈ సీమ తనదైన ఉపాయం చూసుకున్నది. ఊరమిరపకాయలు, కొందరి మాటలో చల్లమిరపకాయలు, అందుకు సాక్ష్యం. పచ్చికాయకు నిలువునా గాటు పెట్టి ఉప్పు వేసిన పుల్లమజ్జిగలో రాత్రంతా ఊరవేస్తారు. పగలు ఎండలో పోసి, సాయంత్రం అదే మజ్జిగలోకి తిరిగి చేరుస్తారు. మజ్జిగ ఇంకిపోయేవరకు, అంటే మూడు నాలుగు రోజులు, ఇదే వరుస. మజ్జిగ రుచి పట్టించడానికే ఇలా చేస్తారని అనుకునేవాడిని. వాతావరణంతో కలిపి చూస్తే మరో ప్రయోజనం తెలుస్తుంది. మంచు కురిసే రాత్రి కాయ బయట ఉండదు. ఉప్పు, లాక్టిక్ ఆమ్లం ఉన్న ద్రవంలో భద్రంగా ఉంటుంది. నడుమ ఒక రోజు మబ్బు పట్టినా వెంటనే బూజు పట్టదు. నూనెలో నల్లగా వేగిన ఆ కాయ పప్పుచారులోకి, పెరుగన్నంలోకి నంజుడు. చిదిపి దద్దోజనం పోపులో వేసేవారూ ఉన్నారు. వేపుడు కోసం గింజ తక్కువ, తోలు పలచన ఉన్న కాయ కావాలి. కొరివికారానికి కావలసిన కాయ ఇందుకు దాదాపు వ్యతిరేకం.

అసలు కొరివికారానికి ఎటువంటి కాయ కావాలి? కండ మందంగా, గింజ తక్కువగా, రంగు ముదురుగా, కారం మధ్యస్థంగా ఉండాలి. తొడిమ కడిగే వరకు గట్టిగా అంటుకొని, తరువాత సులువుగా ఊడాలి. పండిన కాయ చెట్టుపై వారం పది రోజులు కుళ్ళకుండా నిలవాలి. గుంటూరు సమీపంలోని లాం పరిశోధన స్థానం జి-4, ఎల్‌సిఎ-334, ఎల్‌సిఎ-353 వంటి రకాలతో మిరప రైతుకు చేసిన మేలు చిన్నది కాదు. అయితే ఎండుకాయ దిగుబడికి, ఎండిన తరువాతి రంగుకు, యార్డులో పలికే ధరకు మొగ్గిన ఎంపికలో తోలు పలచన, త్వరగా ఆరడం మంచి గుణాలు. జాడీకి అవి లోపాలు. ఒకే ప్రజనన జనాభాలో ఒకరు తీసిపారేసిన మొక్క మరొకరికి అవసరం కావచ్చు. ఎండుకాయ పరీక్షలలో పనికిరాదని పక్కన పెట్టిన మందకండ వంశాలను ఒకసారి జాడీ కళ్ళతో చూడమని ప్రజనన శాస్త్రజ్ఞులను కోరుతున్నాను.

రకం కన్నా తొందరైన విషయం మందుల అవశేషాలు. మిరప చెట్టుపై పూత, పిందె, పచ్చికాయ, పండుకాయ ఒకేసారి ఉంటాయి. 2021–22లో త్రిప్స్ పార్విస్పైనస్, మన రైతుల మాటలో నల్ల తామర పురుగు, విరుచుకుపడినప్పటి నుండి పూతను కాపాడుకోవడానికి పిచికారీలు పెరిగాయి. పూతపై కొట్టిన మందు పక్కనే వేలాడే పండుకాయపై కూడా పడుతుంది. ఆ కాయ రేపు కోతకు, ఎల్లుండి రోటికి పోతుంది. మందు డబ్బాపై రాసిన నిరీక్షణ కాలాన్ని పాటించేదెవరు, పాటించమని చెప్పేదెవరు? మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని 2005 నుండి నిషేధం ఉన్నది. పచ్చడికి పోయే పండుమిరప కూరగాయా, సుగంధ ద్రవ్యమా? రైతు నన్ను ఈ ప్రశ్న అడిగాడు. కూరగాయ అనే భావించి నడుచుకోవాలని చెప్పాను. మన సిఫారసులలో ఆ వాక్యం స్పష్టంగా రాసి ఉండాలి గదా! నీలిరంగు జిగురు అట్టలు, చేను చుట్టూ మొక్కజొన్న వరుసలు, వేపనూనె మనకు తెలిసినవే. పచ్చడి కోసం ఉద్దేశించిన మడిని మొదటి నుండి విడిగా ఉంచి, కాయ రంగు తిరగడం మొదలైన తరువాత ఆ మడిలో రసాయన పిచికారీ ఆపడం చిన్న కమతంలో సాధ్యమే. తగ్గే దిగుబడికి బదులుగా కాయకు కిలోపై ఎంత ఎక్కువ ఇవ్వాలో రైతు, పచ్చడి బృందం నాటే ముందే మాట్లాడుకోవాలి. ఆ ఒప్పందం కుదర్చడం విస్తరణాధికారి పనులలో ఒకటి కావాలి.

కాయ ఎప్పుడు కోయాలన్న దానికి కూడా మన వద్ద కొలబద్ద లేదు. అమెరికాలో లూసియానా తీరాన ఎవెరీ దీవి అనే ఉప్పుగనుల దిబ్బ ఉన్నది. టబాస్కో కారపు రసం 1868 నుండి అక్కడ తయారవుతున్నది. ఆ తీరమూ మన డెల్టావలె చెమ్మ నేల. వారు కూడా పండుమిరపను ఎండబెట్టలేదు. ఉప్పు కలిపి రుబ్బి, ఓక్ పీపాలలో నింపి, మూతపై ఉప్పు పరచి మూడేళ్ళ వరకు మాగనిస్తారు. నాకు ఆసక్తి కలిగించినది పీపా కాదు, కోతకూలీ చేతిలోని చిన్న ఎర్ర పుల్ల. కాయ ఆ పుల్ల రంగుకు వస్తేనే కోస్తారు. ఇప్పుడు వారి కాయలో అధిక భాగం ఇతర దేశాలలో పండుతున్నా, విత్తనం ఆ దీవి నుండే పోతుంది. ఎర్ర రంగు పూసిన ఒక పుల్ల ఖర్చు ఎంత? మన క్షేత్ర ప్రదర్శనలలో చిరుసంచితో పాటు అటువంటి రంగు పుల్లను ఇవ్వడానికి ఏ ప్రాజెక్టు మంజూరు కావాలి?

పచ్చళ్ళు గృహవిజ్ఞానం వారి పని గాని సేద్య విభాగానికి ఏమి సంబంధమని నా సహోద్యోగులు కొందరు అంటారు. చేలో తడి తేదీకి, జాడీలో బూజుకు నేరుగా సంబంధం ఉన్నప్పుడు ఆ గోడ ఎవరికి ఉపయోగం? శిక్షణ ఇచ్చేవారు ఉప్పు కొలత చెబుతారు, చేను చూడరు. సాగు చెప్పేవారు చేను చూస్తారు, జాడీ తెరవరు. ఆహార భద్రత ప్రమాణాల సంస్థ నమోదు, లేబుల్, బిల్లులపై స్త్రీలకు అవగాహన కలిగిస్తున్న మనం, నమూనా విఫలమైతే కారణం కాయలో ఉన్నదో, ఉప్పులో ఉన్నదో చెప్పగల స్థితిలో లేము. కాయ తేమ కొలిచి దానికి తగిన ఉప్పు చూపే ఒక చిన్న పట్టికను, కోతకు ముందు ఆపవలసిన తడి రోజులతో సహా, ప్రతి కృషి విజ్ఞాన కేంద్రం తన నేలకు తగినట్లు తయారుచేసుకోవచ్చు. ఓవెన్, తూకం యంత్రం, రెండు కోతల కాలం చాలు. స్నాతకోత్తర విద్యార్థికి ఇంతకన్నా సులువైన, ఇంతకన్నా ఉపయోగపడే అంశం దొరకదు.

ఈ మాఘంలో ఒక లంక చేలో మూడు మడులు అడిగి తీసుకున్నాము. ఆఖరి తడి ఇచ్చిన మూడు, ఆరు, తొమ్మిది రోజులకు కోసి, తేమ చూసి, మూడు జాడీలు పెట్టాలని ఆలోచన. ఏడాది నిండాక తెరిచి రుచి చూడటానికి ఆ పెద్దావిడ ఒప్పుకున్నారు. ఉప్పు మాత్రం తానే కొలుస్తానన్నారు.